అప్‌డేట్: అమెరికాలోని రాలీ ఊళ్లో మా టాల్ ఫెస్క్యూ గడ్డి లాన్‌లో గుండ్రటి ఎండు మచ్చలు, కారణం తెలిసింది

జూలైలో మా లాన్ గుండ్రంగా, మచ్చలు మచ్చలుగా ఎండిపోతోంది, నీళ్లు పెంచాలా, పురుగుమందు కొట్టాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

గడ్డి శాంపిల్‌ను ల్యాబ్‌కి పంపమన్న సలహానే పనిచేసింది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ క్లినిక్ వాళ్లు బ్రౌన్ ప్యాచ్ అని తేల్చారు, అంటే రైజోక్టోనియా అనే ఫంగస్. రాత్రుళ్లు కూడా 20 డిగ్రీలు దాటే వేడి ఉండి, ఆకులు గంటల తరబడి తడిగా ఉంటే ఇది రెచ్చిపోతుందట. ఇంటి పాత ఓనర్లు పెట్టి వెళ్లిన టైమర్ ప్రకారం మా స్ప్రింక్లర్ రోజూ రాత్రి 8కే తిరిగేది, ఇక ఆకులు ఆరేదెప్పుడు! దాన్ని తెల్లవారుజాము 5కి మార్చాం, ఎండాకాలమంతా నత్రజని ఎరువు ఆపేశాం, ఫంగస్‌ను అణిచే అజాక్సీస్ట్రోబిన్ మందు కొట్టాం. మందుతో వ్యాప్తి ఆగింది గానీ ఎండిన ఆకు మళ్లీ పచ్చబడదు. టాల్ ఫెస్క్యూ దుబ్బులుగా పెరిగే గడ్డి, ఖాళీలను అదంతట అది పెద్దగా పూడ్చుకోదు కాబట్టి సెప్టెంబర్‌లో మళ్లీ విత్తనం చల్లాం, ఇప్పుడు బాగా మొలిచింది.

వేరుపురుగులు కాదు. అవైతే లాగగానే గడ్డి చాపలా పైకి లేచి వచ్చేది, మాది గట్టిగానే పట్టుకుని ఉంది. ఒకరు ఎండోఫైట్ గురించి టెన్షన్ పెట్టారు, అది గడ్డి లోపలే ఉండే వేరే ఫంగస్, గడ్డికి మేలే చేస్తుంది. పచ్చికలో మేసే ఆవులకు, చూడి గుర్రాలకే దానితో ఇబ్బంది, మా ఇంట్లో ఆ రెండూ లేవు.

టాల్ ఫెస్క్యూ విత్తనం కొనేవాళ్లు కెంటకీ 31 అనే పాత రకం బదులు బ్రౌన్ ప్యాచ్‌ను కాస్త తట్టుకునే కొత్త రకాలు చూడండి.