యాక్రిలిక్ పలక లెన్స్‌లా పనిచేస్తోందా? లేజర్‌తో కొలవడం ఎలా?

పెట్టెలో_కెమెరా:
కెమెరాని ఒక పెట్టెలో పెట్టి, దాని ముందు 10 మి.మీ. మందం ఉన్న యాక్రిలిక్ పలక బిగించాను. లెన్స్ 200 మి.మీ. టెలిఫోటో. పలక తీసేస్తే బొమ్మ పదునుగా ఉంది. పెట్టగానే నిలువు గీతలు మసకబారుతున్నాయి. ఫోకస్ కొంచెం తిప్పితే అవి బాగుపడతాయి, కానీ అప్పుడు అడ్డగీతలు పాడవుతున్నాయి. 20 మి.మీ. లెన్స్ పెడితే మాత్రం ఏ తేడా లేదు. పలకలో లోపం ఎంతుందో లేజర్ పాయింటర్‌తో కొలవొచ్చా? ఇంటర్‌ఫెరోమీటర్ (కాంతి తరంగాల కలయికతో సూక్ష్మ లోపాలు కొలిచే పరికరం) లాంటివి నా దగ్గర లేవు.

పాతల్యాబు:
మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఒక దిశ గీతలు బాగుపడితే ఇంకో దిశవి పాడవుతున్నాయంటే అది ఆస్టిగ్మాటిజం. పలక ఒక దిశలోనే లెన్స్‌లా పనిచేస్తోంది. ఎంత అన్నదే తేలాలి. దానికి లేజర్, పొడవైన గది ఉంటే చాలు.

లేజర్‌ని కదపకండి, పలకని పక్కకి జరపండి. చాలామంది లేజర్‌నే జరుపుతారు. జరిపేటప్పుడు అది రవ్వంత తిరిగినా ఆ కోణం మొత్తం మీ కొలతలో కలిసిపోతుంది. పలక కాస్త ఒరిగినా అంత నష్టం లేదు. 10 మి.మీ. పలక 5 డిగ్రీలు ఒరిగితే చుక్క సుమారు 0.3 మి.మీ. జరుగుతుంది, అంతే. గోడ ఎంత దూరంలో ఉన్నా ఆ జరుగుడు పెరగదు. పలక లోపం వల్ల వచ్చే జరుగుడు మాత్రం దూరంతో పాటు పెరుగుతుంది. అనుమానం వస్తే గోడ దూరం సగం చేసి మళ్లీ చూడండి, ఏది ఏదో తెలిసిపోతుంది.

ముందు పలక లేకుండా చుక్క ఎక్కడ పడిందో గుర్తు పెట్టండి. తర్వాత పలక పెట్టి, 5 మి.మీ. చొప్పున జరుపుతూ చుక్క ఎంత తప్పుకుందో రాసుకుని గ్రాఫ్ గీయండి. గీత సున్నాకి పైనో కిందో బల్లపరుపుగా ఉంటే పలక ఒక పక్క మందం, ఒక పక్క పల్చన, అంటే ప్రిజం. దానివల్ల బొమ్మ జరుగుతుందే తప్ప మసకబారదు, వదిలేయండి. గీత వాలుగా, తిన్నగా ఉంటే లెన్స్. గోడ దూరాన్ని ఆ వాలుతో భాగిస్తే ఫోకల్ లెంగ్త్ వస్తుంది. చివర్లలో గీత వంపు తిరుగుతుంటే స్ఫెరికల్ అబెర్రేషన్ (అంచు కిరణాలు, మధ్య కిరణాలు ఒకే చోట కలవకపోవడం) లాంటివి కూడా ఉన్నట్టు. ఇదంతా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చేయాలి.

గోడ 5 మీటర్ల దూరంలో ఉందనుకోండి. పలక 10 మి.మీ. జరిపినప్పుడు చుక్క 1 మి.మీ. తప్పుకుంటే ఫోకల్ లెంగ్త్ 50 మీటర్లు. అదేం లెన్స్ అని నవ్వొస్తుంది గానీ, మీ 200 మి.మీ. టెలిఫోటోకి ఫోకస్ దాదాపు 0.8 మి.మీ. జరుగుతుంది. 20 మి.మీ. లెన్స్‌కి 8 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). అందుకే మీకు అందులో తేడా కనపడలేదు.

ఇది హార్ట్‌మన్ పరీక్షకి పేద చుట్టం. హార్ట్‌మన్ అనే ఖగోళ శాస్త్రవేత్త టెలిస్కోప్ ముందు చిల్లుల పలక పెట్టి, ఒక్కో చిల్లులోంచి వచ్చిన కాంతి ఎక్కడికి పోతోందో చూశాడు. గురుత్వ తరంగాల్ని పట్టే లైగో ప్రయోగశాలలో లేజర్ వేడికి అద్దాలు లెన్సుల్లా మారుతుంటే, ఆ మార్పుని ఇప్పటికీ హార్ట్‌మన్ సెన్సర్లతోనే కొలుస్తున్నారు.

పలక రెండు ముఖాల నుంచీ సుమారు 4 శాతం చొప్పున కాంతి వెనక్కి వస్తుంది. అది ఎటు పోతోందో చూసుకుని అక్కడ నల్ల అట్ట పెట్టండి.

చుక్కలవేట:
పైన చెప్పిన దానికి ఒక చేర్పు. కిరణం ఎంత సన్నగా ఉంటే అంత మంచిదనుకోకండి. 1 మి.మీ. ఎరుపు కిరణం 5 మీటర్లు పోయేసరికి 4 మి.మీ. అవుతుంది. 2 మి.మీ.తో మొదలుపెడితే 3 కంటే తక్కువే. గోడకి గ్రాఫ్ కాగితం అంటించి, కదలని స్టాండు మీద ఫోన్ పెట్టి ఫోటోలు తీయండి. చుక్క మధ్య భాగం తెల్లగా మాడిపోతే కేంద్రం సరిగ్గా దొరకదు, ఎక్స్‌పోజర్ బాగా తగ్గించాలి. లేజర్ వెలిగించగానే కొలత మొదలుపెట్టొద్దు, వేడెక్కేదాకా చుక్క నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది.

కొత్తకాంతి:
పాతల్యాబు గారూ, మామూలు లెన్స్‌కి కూడా ఇలా చేయొచ్చా? నా దగ్గర 200 మి.మీ. ప్లానో-కాన్వెక్స్ (ఒక ముఖం చదును, ఇంకోటి ఉబ్బు) ఉంది.

పాతల్యాబు:
భేషుగ్గా చేయొచ్చండి. దాన్ని రెండు వైపులా తిప్పి చూడండి, సరదాగా ఉంటుంది. గాజు వక్రీభవన గుణకం 1.5 అనుకుంటే, మధ్య నుంచి 20 మి.మీ. దూరంగా పోయే కిరణం, ఉబ్బు ముఖం లేజర్ వైపు ఉన్నప్పుడు అసలు ఫోకస్‌కి సుమారు 2.3 మి.మీ. ముందే అక్షాన్ని దాటుతుంది. చదును ముఖం లేజర్ వైపు పెడితే ఏకంగా 9 మి.మీ. ముందే. అదే లెన్స్, అదే కిరణం! లెన్స్ ఎటు తిప్పి పెట్టారని నేను అందరినీ విసిగించేది ఇందుకే. ఒకే రంగు లేజర్‌తో రంగుల దోషం (ఒక్కో రంగు ఒక్కో చోట ఫోకస్ కావడం) మాత్రం తెలియదు. బీకే7 అనే మామూలు ఆప్టికల్ గాజైతే ఎరుపు బదులు 532 నానోమీటర్ల ఆకుపచ్చ వాడితే ఈ లెన్స్ ఫోకస్ 1.7 మి.మీ. దగ్గరికొస్తుంది.

పెట్టెలో_కెమెరా:
కొలిచానండి. అడ్డంగా జరిపితే 40 మి.మీ. దగ్గర చుక్క 4 మి.మీ. లోపలికి వంగింది, గీత దాదాపు తిన్నగా ఉంది. నిలువుగా జరిపితే అంతటా 2 మి.మీ. కిందికే, మార్పు లేదు. బోల్టులు గట్టిగా బిగించడం వల్ల పలక వంగిందంటారా?

పాతల్యాబు:
సరిగ్గా 50 మీటర్లు! నిలువు దిశలో ఉన్నది ప్రిజం, దాని జోలికి పోవద్దు.

బోల్టులని నేను అనుమానించను. మందం సమానంగా ఉన్న పలక వంగితే రెండు ముఖాలూ కలిసే వంగుతాయి, ఒకటి చేసింది రెండోది దాదాపు చెరిపేస్తుంది. మీ పలకలో మందమే మారుతోంది. లెక్కేస్తే మధ్యకీ, 40 మి.మీ. దూరానికీ తేడా 33 మైక్రాన్ల దాకా వస్తుంది. ఎక్స్‌ట్రూడ్ షీట్‌లో (కరిగించి అచ్చులోంచి నెట్టి చేసిన పలకలో) ఇది మామూలే. నిర్ధారణ కావాలంటే పలకని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించండి. ఈసారి మసక అడ్డగీతలకి వస్తే పలకదే తప్పు. టెలిఫోటో తప్పనిసరి అయితే యాక్రిలిక్ మానేసి, సానపట్టిన ఆప్టికల్ గాజు పలక తీసుకోండి. డబ్బు దగ్గర వెనకాడితే చిన్న అపర్చర్‌తో సరిపెట్టుకోవాలి.