విశాఖ–బయ్యవరం హైడ్రోజన్ లారీ: మనకు పనికొస్తుందా?

హైవే_పదహారు: 2025 మార్చిలో కేంద్రం ప్రకటించిన ప్రయోగ పథకంలో 37 హైడ్రోజన్ బస్సులు, లారీలు, 9 బంకులు ఉన్నాయి. ఇచ్చేది సుమారు 208 కోట్లు. పది మార్గాల్లో మనది విశాఖ–బయ్యవరం. లారీలున్నవాళ్లు ఏమంటారు?

పాత_ట్రెయిలర్: అనకాపల్లి దాటితే బయ్యవరం వచ్చేస్తుంది. ఆ మాత్రం దూరానికి హైడ్రోజన్ కావాలా?

విశ్రాంత_మూర్తి: ప్రయోగాన్ని దూరంతో కొలవకండి. దూరం వెళ్లే బరువు లారీకి బ్యాటరీయే రెండు టన్నులు దాటుతుంది, దానికోసం కొంత లోడు మీరు వదులుకోవాలి. ఛార్జింగుకు గంటలు పడుతుంది, హైడ్రోజన్ నిమిషాల్లో నిండుతుంది. పక్కనే పూడిమడకలో ఎన్టీపీసీ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన కూడా జరిగింది.

పాత_ట్రెయిలర్: నేను అడిగింది బయ్యవరం సంగతి. మీరు పూడిమడక వెళ్లారు.

చిన్నక్క: ఇంతకీ కిలో ఎంతకు పోస్తారట?

లెక్కల_మాస్టారు: ధర పక్కన పెట్టండి. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి దాదాపు 55 యూనిట్ల కరెంటు కావాలి. దానిలో ఉండేది 33 యూనిట్ల శక్తి, దాన్ని లారీలో మళ్లీ కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్‌లో సగం పోగా చక్రాలకు అందేది పదహారో పదిహేడో. అదే కరెంటు బ్యాటరీకి ఎక్కిస్తే నలభైకి పైగా దక్కుతుంది.

విశ్రాంత_మూర్తి: మధ్యాహ్నం వాడుకునే దిక్కులేని సౌర విద్యుత్తుకు ఈ లెక్క వర్తించదు మాస్టారూ.

పాత_ట్రెయిలర్: అమెరికాలో హైడ్రోజన్ లారీల కంపెనీ నికోలా, లారీని వాలు మీద దొర్లించి అదే నడుస్తున్నట్టు వీడియో తీసింది. 2025 ఫిబ్రవరిలో దివాలా తీసింది. ఇదీ మీ హైడ్రోజన్.

విశ్రాంత_మూర్తి: ఒకడు మోసం చేస్తే ఇంధనం ఏం చేసింది? స్విట్జర్లాండ్‌లో హ్యుందాయ్ హైడ్రోజన్ లారీలు 2020లోనే రోడ్డెక్కాయి. చదవకుండా మాట్లాడితే ఎలా?

పాత_ట్రెయిలర్: చదివాను సార్, కిస్తీల పుస్తకం! గ్యాస్ లారీ కొనేటప్పుడు షోరూములో ఆరు నెలల్లో దారి పొడవునా బంకులు వస్తాయన్నారు. రెండేళ్లు వరసలో నిలబడ్డాను. సరుకు ఆలస్యమైందని కిరాయి కోశారు, ఫైనాన్సువాడు మాత్రం ఒక్క నెల ఆగలేదు. చివరికి లారీని సగం ధరకు వదిలించుకున్నాను. అప్పుడూ మీలాంటి పెద్దమనుషులే టెక్నాలజీ గొప్పదన్నారు.

విశ్రాంత_మూర్తి: మీ నష్టానికి నేను బాధ్యుడినా?

హైవే_పదహారు: ఇద్దరూ కాస్త తగ్గండి. మూర్తిగారూ, ఆ స్విట్జర్లాండ్ లారీల సంగతి మీరు సగమే చెప్పారు. అక్కడ రవాణాదారులు లారీ కొనలేదు. ఇంధనంతో కలిపి కిలోమీటరుకింత అని కట్టారు.

పాత_ట్రెయిలర్: అదీ! బంకు రాకపోతే ఎవరు మునగాలి అన్నదే నా ప్రశ్న. బ్యాటరీ అయినా, హైడ్రోజన్ అయినా, రెండు లారీలున్నవాడు మునగకూడదు.

విశ్రాంత_మూర్తి: ఈ మాట ముందే అనుంటే ఇంత రాద్ధాంతం ఉండేదా? సరే, కిలోమీటరు లెక్కన ఇస్తే నడుపుతారా?

పాత_ట్రెయిలర్: దారిలో హైడ్రోజన్ అయిపోయి ఆగిన రోజుకు డ్రైవరు బత్తా ఎవరిస్తారు? ముందు అది చెప్పండి.