అప్‌డేట్: పడవ మీద పాట, స్లో మోషన్‌లోనూ పెదాలు కలిశాయి

కోనసీమలో పడవ మీద పాట తీస్తున్నా, స్లో మోషన్ కావాలి, గాయని పెదాలు మాత్రం పాటతో కలవాలి, ఎలా అని అడిగాను కదండీ. మీరు చెప్పినట్టే చేశాం. స్పీకర్లో పాటని రెట్టింపు వేగంతో వేసి, సెకనుకి 50 ఫ్రేముల్లో తీశాం. ఎడిటింగ్‌లో 25కి, అంటే సగం వేగానికి తెచ్చేసరికి నీళ్లు, జుట్టు, గాలికెగిరే పైట అన్నీ నెమ్మదించాయి, పెదాలు పాట మీదే ఉన్నాయి. చూస్తుంటే ఒళ్లు పులకరించింది! అంత వేగంగా పాడటం తేలిక కాదు. ముందురోజే సాధన చేయించమన్న అన్నగారికి దండాలు.

దిండి దగ్గర, గోదావరి వశిష్ఠ పాయలో తీశాం. మిట్టమధ్యాహ్నం కెమెరా బయటికి తీయలేదు. పొద్దున్నే, మళ్లీ ఎండ వాలాక.

డ్రోన్ వద్దన్నవాళ్లదే నా మాట కూడా. పైనుంచి చూస్తే ఏ కొబ్బరితోటైనా ఒకటే. నలుపు తెలుపుల్లో వచ్చిన మూగమనసులు (1964) గోదారి నాకిప్పటికీ కళ్లల్లోనే ఉంది. నదికి రంగులకన్నా, ఎత్తులకన్నా పక్కన ఓ మనిషి కావాలి, అంతే.

రెండో చరణం సఖినేటిపల్లి రేవులో, పంటు (జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కేవాళ్ల మధ్య తీద్దామనుకుంటున్నాం. జనంలో స్పీకర్ పెట్టలేం కాబట్టి గాయనికి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి చూస్తాం.