సైబర్ సెక్యూరిటీ ల్యాబులో పిల్లల మనసు నిలిచేదెలా?

ప్రశ్న (యలహంక, బెంగళూరు)
ఇక్కడి ఇంజనీరింగ్ కళాశాలలో మూడో సంవత్సరం వారికి సైబర్ సెక్యూరిటీ ల్యాబు చెబుతున్నాను. అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. మాన్యువల్‌లోని కమాండ్లను వరుసగా కొట్టి, స్క్రీన్‌షాట్లు రికార్డులో అతికించడం అరగంటలో అయిపోతుంది. మిగిలిన సమయమంతా ఫోన్లతోనే గడుస్తుంది. నెట్‌వర్క్‌ను స్కాన్ చేసే ఎన్‌మ్యాప్ చూపించిన ఓపెన్ పోర్టు అంటే ఏమిటని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఏం చేయమంటారు?

జవాబు (మారతహళ్లి)
మేడమ్ గారూ, లోపం పిల్లలది కాదు, మాన్యువల్‌ది. జవాబు ముందే రాసిపెట్టి ఉంటే ఇక వెతకడానికేముంటుంది? నేను డీవీడబ్ల్యూఏలో (సాధన కోసం కావాలనే లోపాలతో తయారుచేసిన వెబ్ అప్లికేషన్) సెక్యూరిటీ స్థాయిని 'లో'లో ఉంచి, యూజర్ ఐడీ పెట్టెలో ఒకే ఒక్క కోట్ గుర్తు (') కొట్టమంటాను. అయితే కొట్టబోయే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాయాలి. తెర మీద ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) సింటాక్స్ ఎర్రర్ కనబడగానే, తాము కొట్టిన గుర్తు డేటాబేస్ దాకా ఎలా వెళ్లిందని వాళ్లే అడుగుతారు. అప్పుడు మాత్రమే 'వ్యూ సోర్స్' తెరిపించి, యూజర్ ఇచ్చిన ఐడీని క్వెరీలో, అంటే డేటాబేస్‌కు పంపే ప్రశ్నలో, నేరుగా అతికించిన వరుసను వాళ్ల చేతనే పట్టిస్తాను. తర్వాత 'ఇంపాజిబుల్' స్థాయి కోడ్‌లో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (యూజర్ ఇచ్చినదాన్ని క్వెరీలో కలపకుండా విడిగా పంపే పద్ధతి) ఎక్కడుందో వెతికి, అదే దాడి అక్కడ ఎందుకు సాగదో పక్కవాడికి వివరించాలి. నిజానికి నా తరగతిలో ఎక్కువ మాటలు వినబడేది ఈ ఘట్టంలోనే.

జవాబు (బీటీఎం లేఅవుట్)
పై పద్ధతి మంచిదే కానీ, ఆసక్తి పుట్టిన మరుక్షణమే హద్దు కూడా చెప్పాలి. ల్యాబు మెషీన్లను బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లోనే ఉంచండి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి దురుద్దేశంతో చొరబడితే 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చని మొదటి రోజే చెప్పండి.

ప్రశ్న వేసినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ వారం నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్‌తో ప్రయత్నించాను. ఎన్‌క్రిప్షన్ లేని హెచ్‌టీటీపీ మీద లాగిన్ అయ్యి, తాము ఇప్పుడే కొట్టిన పాస్‌వర్డ్‌ను ప్యాకెట్లలో వెతకమన్నాను. చివరి బెంచీలోని అమ్మాయి, లాగిన్ వివరాలను సర్వర్‌కు పంపిన పోస్ట్ రిక్వెస్ట్ తెరిచి, అక్షరం మారకుండా ఉన్న తన పాస్‌వర్డ్ చూసి, "మరి హెచ్‌టీటీపీఎస్ అయితే ఏం కనబడుతుంది మేడమ్?" అని అడిగింది. వచ్చే ల్యాబు ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. రికార్డు మార్కుల్లో సగం ఆ ముందస్తు ఊహల కాగితానికి కేటాయించమని విభాగాధిపతిని అడుగుతాను.