షాడో టీచర్ పిల్లవాడి పక్కనే కూర్చోవాలా, నాలుగడుగులు వెనక ఉండాలా?

తెలుపు_నలుపు (చర్చ మొదలుపెట్టినవారు):

హైదరాబాద్, విజయవాడ ప్రైవేటు బళ్లలో షాడో టీచర్‌గా, అంటే ప్రత్యేక అవసరాలున్న ఒక్క పిల్లవాడికి తరగతిలో తోడుగా, చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పే మాట “వాడి పక్కనుంచి కదలొద్దు” అని. దీనివల్ల పిల్లవాడికి మేలుకన్నా కీడే ఎక్కువని నా వాదన. ఒక్క లెక్క తీసుకుని చూద్దాం.

రెండో తరగతి. బోర్డు మీద 52 − 27. వెనకబడిన పిల్లవాడు 35 అని వేస్తాడు. అది గాల్లోంచి వచ్చిన జవాబు కాదు. 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీశాడు, 5 వచ్చింది. పదుల్లో 5లోంచి 2 తీశాడు, 3 వచ్చింది. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలన్నది పట్టుబడింది, అప్పు తెచ్చుకోవడం పట్టుబడలేదు. టీచర్‌కు ఆ 35 కనబడి తీరాలి. కానీ పక్కన కూర్చున్న షాడో రబ్బరుతో 35 చెరిపి, 5 కొట్టించి 4 వేయించి, 2ని 12 చేయించి 25 రాయిస్తుంది. అయిదు లెక్కలూ అంతే. పుస్తకం నిండా టిక్కులు చూసి టీచర్ మర్నాడు మూడంకెల తీసివేతకు వెళ్లిపోతుంది. యూనిట్ టెస్టులో షాడో చెయ్యి ఉండదు, మళ్లీ 35లే వస్తాయి.

సాయానికి ఒక వరస ఉంది. ముందు ఏమీ అనకుండా మనసులో పది లెక్కపెట్టాలి. కదలకపోతే “తర్వాత ఏం చెయ్యాలి?” అని మాత్రం అడగాలి. అప్పటికీ లేకపోతే లెక్క మెట్లు వరసగా రాసి బల్లకు అంటించిన పట్టీ వైపు వేలు చూపాలి. ఆ తర్వాతే “ఒకట్లు చూడు, 2లోంచి 7 పోతుందా?” అన్న చిన్న ఆధారం. అదీ చాలకపోతే పలక మీద వేరే లెక్క, 43 − 18 లాంటిది, చేసి చూపాలి. వాడి లెక్క మాత్రం వాడే చెయ్యాలి. పక్కనే కూర్చుంటే పది లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు, చెయ్యి దానంతటదే రబ్బరు మీదికి పోతుంది. అందుకే దూరం కావాలంటున్నాను.

కన్నతల్లి_గుంటూరు:

లెక్క బాగా చెప్పారండీ, ఒప్పుకుంటాను. కానీ ఏ తరగతి గదిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నారు? నలభైమంది పిల్లలు, ముగ్గురేసి కూర్చునే బెంచీలు, మధ్యలో రెండడుగుల దారి. నాలుగడుగులు వెనక్కి జరిగితే షాడో నిలబడేది ఇంకో పిల్లవాడి ఒళ్లో. ఇంకోటి, షాడో ఖాళీగా నిలబడ్డట్టు కనబడితే చాలు, డైరీలు దిద్దమనీ ఫీజు చీటీలు పంచమనీ పనులు చెబుతారు. ఆ పదినిమిషాల్లోనే ఆటిజం ఉన్న పిల్లవాడు గేటు దాకా వెళ్లిపోతాడు. షాడో జీతం చాలాచోట్ల తల్లిదండ్రులే కడుతున్నారు. డబ్బు కట్టి, మనిషిని దూరంగా నిలబెట్టమంటే ఏ తల్లి మనసు ఒప్పుకుంటుంది?

లెస్టర్_టీఏ:

గుంటూరు అమ్మగారి బాధ అర్థమవుతోంది. ఇంగ్లండులోనూ ఈ గొడవ చాలాకాలం నడిచింది, అక్కడ తేలిందేమిటో చెబుతాను. 2003లో మొదలై 2009 దాకా సాగిన ‘డిస్’ అనే అధ్యయనం ఉంది, బళ్లు సహాయక సిబ్బందిని ఎలా వాడుతున్నాయి, దాని ఫలితమేమిటి అన్నదాని మీద. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో పీటర్ బ్లాచ్‌ఫర్డ్ బృందం చేసింది. సుమారు 8,200 మంది పిల్లల ప్రగతి చూశారు. టీచింగ్ అసిస్టెంట్ (టీచర్‌కు తోడుగా పిల్లలకు సాయం చేసే మనిషి, మన షాడో లాంటివారు) సాయం ఎక్కువ అందిన పిల్లలు, అదే స్థాయిలో ఉండి సాయం తక్కువ అందిన పిల్లలకన్నా తక్కువ నేర్చుకున్నారు. పిల్లల మొదటి స్థాయినీ, వాళ్ల ఇబ్బందినీ లెక్కలోకి తీసుకున్నాక కూడా అంతే.

దీన్ని అసిస్టెంట్ల మీద తీర్పుగా చదవొద్దు. బళ్లు వాళ్లను వాడుకునే తీరులో లోపం ఉందని ఆ బృందమే చెప్పింది. పాఠం ఏమిటో ముందుగా చెప్పరు, తరగతిలో టీచర్ నోటివెంట విన్నదే వాళ్లకూ పాఠం. ఇక వాళ్ల దృష్టంతా పని పూర్తిచేయించడం మీద, నేర్పడం మీద కాదు. అన్నిటికన్నా పెద్ద నష్టం, అసిస్టెంట్ ఉందికదా అని టీచర్ ఆ పిల్లవాడి దగ్గరికి రావడం మానేస్తుంది. అందుకే ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు గురించిన అక్కడి 2015 నియమావళిలో, అసిస్టెంట్ ఉన్నా లేకపోయినా తన తరగతిలోని ప్రతి పిల్లవాడి ప్రగతికీ జవాబుదారీ టీచరేనని రాసిపెట్టారు.

ఇంకో సంగతి. అక్కడి బళ్లలో మన తెలుగు ఆడవాళ్లు చాలామంది ఈ పనిలో ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి టీచర్ చెబుతుండగానే చెవిలో తెలుగులో చెప్పడం ప్రేమతో చేసే పనే. కానీ ఒకే క్షణంలో రెండు గొంతులు వింటే, భాష అందుకోవడం కష్టమైన పిల్లవాడికి రెండూ అందవు. టీచర్ వాక్యం ముగిసేదాకా ఆగండి. కొత్త మాటలు నాలుగైదు పాఠానికి ముందే తెలుగులో చెప్పి ఉంచండి.

మూడోతరగతి_టీచర్:

టీచర్ల వైపునుంచి ఒక మాట. “టీచర్ దగ్గరికి రాదు” అనడం తేలిక. నలభైమందిని వదిలి ఒక్కడి దగ్గర కూర్చుంటే వెనక బెంచీలు సంతలా మారతాయి. దీనికి పనికొచ్చే దారి, టీచరూ షాడో పనులు మార్చుకోవడం. అభ్యాసం ఇచ్చాక పదినిమిషాలు షాడో తరగతంతా తిరుగుతుంది, టీచర్ ఆ పిల్లవాడి పక్కన కూర్చుంటుంది. వారానికి మూడుసార్లు చాలు. ఆ 35 ఎందుకొచ్చిందో టీచర్‌కు అప్పుడే తెలుస్తుంది. ముందురోజు సాయంత్రం రేపటి పాఠం ఏమిటో, ఈ పిల్లవాడు అందులో ఎంతవరకు చెయ్యాలో రెండు వాక్యాలు రాసి షాడోకు ఇవ్వాలి. అయిదునిమిషాల పని.

డైరీలు దిద్దించడం గురించి అమ్మగారు చెప్పింది నిజమే, అది బడి తప్పు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ఒక్కో పిల్లవాడి అవసరాన్ని బట్టి తోడ్పాటు ఇవ్వడాన్ని ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థల పనిగా చెబుతోంది. తల్లిదండ్రుల పనిగా చెప్పలేదు.

స్పెషల్‌ఎడ్_ఓరుగల్లు:

అందరూ దూరాన్ని అడుగుల్లో కొలుస్తున్నారు. సాయాన్ని కొలవండి. చోటు లేని గదిలోనూ వెనక్కి తగ్గవచ్చు. పిల్లవాడి ఎదురుగా కాకుండా భుజం వెనక్కి కుర్చీ జరపడమే మొదటి మెట్టు. ఎదురుగా ఉంటే వాడు ప్రతి అక్షరానికీ మీ మొహం చూస్తాడు, మీ కనుబొమ్మలే వాడికి జవాబు చెప్పేస్తాయి.

చెయ్యిపట్టి రాయించేవాళ్లు మణికట్టు దగ్గర మొదలుపెడితే వారానికి ముంచెయ్యికి, తర్వాత మోచేతికి, ఆపైన భుజానికి మారాలి. చివరికి వేలు ఆనిస్తే చాలన్న స్థితి రావాలి. పిల్లవాడు చెయ్యి లాక్కుంటే ఆపెయ్యాలి, బలవంతం వద్దు. అన్నిటికన్నా వదిలించడం కష్టమైనది నోటిమాట. “రాయి, రాయి నాన్నా, ఇటు చూడు” అంటూ ఉంటే, ఆ మాట వినిపించేదాకా పెన్సిల్ కదలదు. బొమ్మ కార్డో సైగో అయితే మెల్లగా తీసెయ్యవచ్చు.

పారిపోయే పిల్లవాడి విషయంలో అమ్మగారితో ఏకీభవిస్తాను. అక్కడ షాడో తలుపుకూ పిల్లవాడికీ మధ్య ఉండాలి, పిల్లవాడి సీటు తలుపుకు దూరంగా గోడవైపు ఉండాలి. ఎప్పుడు లేస్తున్నాడో వారంపాటు రాసిపెడితే చాలాసార్లు వాణ్ణి లేపుతున్న ఒక సమయమో ఒక శబ్దమో బయటపడుతుంది. మూర్ఛ వచ్చే పిల్లవాడికి కూడా ఒళ్లోఒళ్లు పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. గదిలో ఒక పెద్దమనిషి ఉండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, గడియారం చూసి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేస్తే చాలు.

మధ్యాహ్నం భోజనం వేళ మాత్రం తప్పనిసరిగా దూరం జరగండి. షాడో పక్కన ఉంటే తోటిపిల్లలు వాడితో మాట్లాడరు, “మేడం, వీడికి ఆడుకోవాలని ఉందా?” అని మిమ్మల్నే అడుగుతారు. “వాడినే అడుగు” అనండి.

కన్నతల్లి_గుంటూరు:

కుర్చీ భుజం వెనక్కి జరపడం మా ఊరి గదుల్లోనూ కుదురుతుంది, అది ఒప్పుకున్నాను. తలుపు దగ్గర మనిషి లేకుండా మాత్రం నేను ఒప్పుకోను. ఒక్కటి అడుగుతాను. సాయంత్రం పుస్తకం చూస్తే ఏది వాడు చేశాడో, ఏది షాడో చేయించిందో తల్లికి ఎలా తెలుస్తుంది? ఖాళీ పుస్తకం ఇంటికొస్తే డబ్బు దండగైందనిపించదా?

తెలుపు_నలుపు:

ప్రతి లెక్క పక్కనా మార్జిన్‌లో షాడో ఒక అక్షరం రాయాలి. సొంతంగా చేస్తే స్వ, సైగతో చేస్తే సై, మాట సాయంతో చేస్తే మా, చేసి చూపాక చేస్తే చూ, చెయ్యిపట్టి చేయిస్తే చే. రబ్బరు షాడో చేతికి ఇవ్వకూడదు. తప్పు కొట్టేసి పక్కన రాయాలి, చెరపకూడదు. అయిదు లెక్కల్లో రెండే పూర్తయి, రెండింటి పక్కనా స్వ ఉంటే అది నిండు పుస్తకంకన్నా మంచి రోజు. శుక్రవారం నాడు స్వలూ చేలూ లెక్కపెట్టి డైరీలో వేయించండి. మూడు వారాలైనా చేలు తగ్గకపోతే పని మరీ కష్టమైనదిచ్చారో, షాడో ఆగకుండా సాయం చేసేస్తోందో అన్నమాట. అది చూడ్డానికి పది నిమిషాలు తరగతి వెనక కూర్చోనివ్వమని బడిని అడగండి.