చీజ్‌కేక్ ఫ్రిజ్‌లోంచి తీశాక ఎంతసేపటికి వడ్డిస్తున్నారు? ఎండాకాలం అనుభవాలు చెప్పండి

కృష్ణ_ఒడ్డు
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. వచ్చే ఆదివారం నాన్నగారి షష్టిపూర్తి. పొద్దున తంతు, భోజనాలు అయిపోయాక సాయంత్రం ఇంట్లోవాళ్ళం ఇరవై మందిమి కూర్చుని నేను చేసిన చీజ్‌కేక్ కోయించాలని అనుకున్నాను. క్రీమ్ చీజ్ అనే మెత్తటి చీజ్‌లో గుడ్లు వేసి ఓవెన్‌లో బేక్ చేసే రకం. అడుగున బిస్కెట్ పొడి, వెన్న.

చేయడం వచ్చు. వడ్డించే దగ్గరే తేడా కొడుతోంది. జనవరిలో చెల్లి పుట్టినరోజుకి ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కోసి పెట్టాను. చెంచా దిగలేదు. నోట్లో వేసుకుంటే గడ్డకట్టిన వెన్నలా అంగిలికి అంటుకుంది, నిమ్మతొక్క వాసన అసలు తెలియలేదు. నాన్నగారికి చల్లది తగిలితే కింది పళ్ళు జివ్వుమంటాయి. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని చెంప పట్టుకుని ప్లేటు పక్కన పెట్టేశారు.

ఆ తర్వాత ఒక రెసిపీలో 'రూమ్ టెంపరేచర్‌కి వచ్చేదాకా గంట, రెండు గంటలు బయట ఉంచండి' అని చూసి, పోయిన నెల గంటన్నర డైనింగ్ టేబుల్ మీద ఉంచాను. అంచులు జారిపోయాయి. అడుగున వెన్న కరిగి ప్లేటు మీద నూనె చుట్టు కట్టింది. ఈసారి నాన్నగారి కోసమే చేస్తున్నాను కాబట్టి చాలా టెన్షన్‌గా ఉంది. అసలు ఎంత చల్లగా ఉండాలి? ఎంతసేపు బయట ఉంచాలి?

జెర్సీ_వంటిల్లు
మీ తప్పేం లేదండీ, ఆ రెసిపీ రాసినవాళ్ళ రూమ్ వేరు, మన రూమ్ వేరు. న్యూజెర్సీలో మా ఇల్లు చలికాలం హీటర్ వేసినా 20 డిగ్రీలు దాటదు. ఇక్కడ 'రూమ్ టెంపరేచర్' అంటే అదే. కేక్ గంటసేపు బయట ఉన్నా చల్లదనం మిగిలే ఉంటుంది. మే నెలలో బెజవాడ హాల్లో ఫ్యాన్ కింద ఎంత ఉంటుందో నాకు తెలుసు, పుట్టిల్లు గుణదల. నేను ముక్కలు కోసి అరగంట ఆగి పెడతాను. మీకు అందులో సగం కూడా అక్కర్లేదు.

హోమ్‌బేకర్_కూకట్‌పల్లి
నేను ఆరేళ్ళుగా ఇంట్లోంచి ఆర్డర్లు చేస్తున్నాను. అందరూ అడిగేది ఇదే కాబట్టి ఒకసారి గుచ్చే థర్మామీటర్ పెట్టి కొలిచి రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ తలుపుకే అంటించి ఉంది. చూసి చెప్తున్నాను.

ఏసీ 26లో పెట్టిన గదిలో, ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు 5 డిగ్రీలున్న ముక్క: 10 నిమిషాలకి మధ్యలో 9, 20 నిమిషాలకి 14, అరగంటకి 17.
కొయ్యకుండా మొత్తం కేక్ అదే గదిలో: అరగంటకి మధ్యలో 7, గంటకి 11.
ఏసీ లేని వంటింట్లో 34 డిగ్రీల్లో ముక్క: 10 నిమిషాలకే 11, 15 నిమిషాలకి 15.

నాకూ మా కస్టమర్లకీ నచ్చింది 12 నుంచి 15 మధ్య. ఆ దగ్గర చెంచా మెత్తగా దిగుతుంది, ముక్క మాత్రం నిలబడే ఉంటుంది. 18 దాటాక అంచులు మెరవడం మొదలవుతుంది, ఆ మెరుపు కనిపిస్తే వెంటనే తినేయాలి.

ఇంకోటి. మొత్తం కేక్ బయట పెట్టి ఎదురుచూడకండి. అంచు 20కి వచ్చేసరికి మధ్యలో ఇంకా 8, 9 దగ్గరే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడే కోసేయండి. కత్తి వేడినీళ్ళలో ముంచి, తుడిచి, కోసి, మళ్ళీ ముంచి, తుడిచి. ప్రతి కోతకీ. ప్లేట్లలో పెట్టాక టైమ్ లెక్కపెట్టండి.

కృష్ణ_ఒడ్డు
అక్కా, ఈ లెక్క నాకు బంగారం. మా ఇంట్లో థర్మామీటర్ లేదు. ఆదివారంలోగా దొరక్కపోతే ఎలా తెలుసుకోవాలి?

హోమ్‌బేకర్_కూకట్‌పల్లి
ఒక ముక్క మీది కాదనుకుని పక్కన పెట్టుకోండి. సన్న కత్తి మొన దాని మధ్యలోకి గుచ్చి ఐదారు క్షణాలు ఉంచి, తీసి పై పెదవి కింద ఆనించండి. ఫ్రిజ్ నీళ్ళంత చల్లగా తగిలితే ఇంకా ఆగాలి. కుండనీళ్ళంత ఉంటే కాస్త ఆలస్యమైనట్టు. ఆ రెండింటికీ మధ్యన చల్లదనం తెలియాలి గానీ పెదవి వణకకూడదు. నేను థర్మామీటర్ కొనక ముందు రెండేళ్ళు ఇలాగే చేశాను.

ఫుడ్‌టెక్_మాస్టారు
నేను ఫుడ్ టెక్నాలజీ పాఠాలు చెప్తాను. పైన చెప్పిన 12-15 ఎందుకు కుదురుతుందో చెప్తాను.

క్రీమ్ చీజ్‌లో బరువులో దాదాపు మూడోవంతు పాల కొవ్వే. పాల కొవ్వు ఒక్కసారిగా కరిగే పదార్థం కాదు. ఫ్రిజ్ చల్లదనంలో చాలా భాగం గట్టిగా ఉండి, వేడి పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా మెత్తబడుతూ, 35 దాటేసరికి పూర్తిగా కరుగుతుంది. అంటే మన నోటి వేడికి. 5 డిగ్రీల ముక్క నోట్లో పెట్టుకుంటే అది కరిగేలోపే మింగేస్తాం. అందుకే గడ్డకట్టిన వెన్నలా అనిపించింది. 13 దగ్గర మొదలుపెడితే నాలుక మీదే కరిగి, కొవ్వులో దాగిన నిమ్మ, వెనిలా వాసనలు ముక్కుదాకా వస్తాయి.

తీపి సంగతీ అంతే. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ తాగితే మరీ తియ్యగా ఉంటుంది కదా, పంచదార అంతే ఉన్నా. నాలుక మీద తీపిని పట్టే కణాల్లో ఒక ద్వారం వేడికి బాగా స్పందిస్తుందని 2005లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. 15 డిగ్రీల నుంచి 35కి వెళ్ళేకొద్దీ ఆ స్పందన గట్టిగా పెరుగుతుంది. కాబట్టి ఫ్రిజ్ చల్లగా వడ్డించేవాళ్ళు పంచదార ఎక్కువ వేయాల్సి వస్తుంది. మీరు 14 దగ్గర పెట్టేట్టయితే రెండు చెంచాలు తగ్గించి చూడండమ్మా, అరవై ఏళ్ళాయనకి అదీ మంచిదే.

జాగ్రత్త ఒకటి. పాలు, గుడ్లు ఉన్న పదార్థం 4 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలకి మించి ఉండకూడదని అమెరికా వ్యవసాయ శాఖ చెప్తుంది. చుట్టూ 32 దాటితే ఒక్క గంటే. మీ ఊరికి ఈ రోజుల్లో వర్తించేది గంట లెక్కే. మిగిలిన ముక్కలు 'తర్వాత తింటారులే' అని టేబుల్ మీద వదలొద్దు.

తీపి_చల్లన
నాకైతే చీజ్‌కేక్ ఫ్రిజ్ చల్లగానే ఇష్టం. బయట మండిపోతుంటే గోరువెచ్చని కేక్ ఎవరు తింటారండీ? నేను ఓవెన్ లేకుండా చేసే రకం చేస్తాను, క్రీమ్ చీజ్, చిలికిన క్రీమ్, గట్టిపడడానికి జెలటిన్. పది నిమిషాలు బయట పెడితే పాయసమే.

హోమ్‌బేకర్_కూకట్‌పల్లి
మీరు చెప్పింది మీ కేక్‌కి నూటికి నూరుపాళ్ళు నిజం. బేక్ చేసినదాంట్లో గుడ్డు గట్టిపడి పట్టుకుంటుంది, వేడెక్కినా ఆ పట్టు పోదు. మీ దాంట్లో పట్టు అంతా చల్లదనానిదే. జెలటిన్ 30 దాటితే వదిలేస్తుంది, చిలికిన క్రీమ్ అంతకన్నా ముందే కూలుతుంది. శాకాహారుల కోసం నేను జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ వాడతాను. అది ఒకసారి గట్టిపడ్డాక 80 పైన గానీ కరగదు కాబట్టి ముక్క నిలబడుతుంది, క్రీమ్ మాత్రం మెత్తబడుతుంది. ఈ రకాన్ని 6, 7 డిగ్రీల్లోనే, తీసిన ఐదు నిమిషాల్లో పెట్టేయాలి.

రైన్_తీరం
జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడి చీజ్‌కేక్ క్వార్క్‌తో చేస్తారు, అంటే మన వడగట్టిన గట్టి పెరుగుకి దగ్గర చుట్టం. కొవ్వు తక్కువ కాబట్టి చల్లగా ఉన్నా అంగిలికి అంటుకోదు. ఆదివారం మధ్యాహ్నం కాఫీతో పాటు గది చల్లదనంలోనే పెడతారు.

రెండేళ్ళ క్రితం స్పెయిన్ వెళ్ళినప్పుడు శాన్ సెబాస్టియన్‌లో లా విన్యా అనే బార్‌కి వెళ్ళాం. పైన నల్లగా మాడినట్టుండే బాస్క్ చీజ్‌కేక్ పుట్టిల్లు అదే, శాంతియాగో రివేరా అనే ఆయన 1990 ప్రాంతంలో మొదలుపెట్టారు. అక్కడ కేకులు ఫ్రిజ్‌లో కనిపించవు. కాగితం చుట్టలతోనే అరల మీద వరసగా పెట్టి ఉంటాయి, అక్కడినుంచి తీసి కోసిస్తారు. మధ్యలో మన జున్ను సరిగ్గా ఉడకనప్పుడు ఉండేంత వదులుగా ఉంది. అదే కేక్ ఒక ముక్క హోటల్‌కి తెచ్చుకుని ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తింటే సగం రుచి లేదు. అయితే ఆ సముద్రపుటూరి గాలి వేరు, ఆ రోజు పగలే 19 డిగ్రీలు.

ఇచ్ఛాపురం_బాట
జున్ను మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. మా ఊరికి ఒడిశా పక్కనే, బరంపురం వెళ్ళినప్పుడల్లా ఛెనా పొడ తెచ్చుకుంటాం. విరిగిన పాల ఛెనాలో పంచదార, రవ్వ కలిపి సాల ఆకుల్లో కాల్చేది, నయాగఢ్ వైపు పుట్టిందంటారు. అది ఎప్పుడూ గది వేడిలోనే తింటాం. ఫ్రిజ్‌లో పెడితే పైన మాడిన పంచదార పొర తడిసి ఊడిపోతుంది, ఛెనా పొడిబారి బిగుసుకుంటుంది. మా అమ్మ ఒక్కపూట కూడా పెట్టనివ్వదు.

విశాఖ_అల
ఎవరూ చెమట సంగతి ఎత్తలేదు. మాది సముద్రం పక్కన. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్క ఐదు నిమిషాల్లో చెమటపట్టి పైన నీటి చుక్కలు కడతాయి, స్ట్రాబెర్రీ జామ్ రాస్తే జారిపోతుంది. నేను కనిపెట్టిన మార్గం: ముక్కలన్నీ మూత గట్టిగా పట్టే స్టీల్ డబ్బాలో పెట్టి డబ్బానే బయట పెడతాను. తేమ డబ్బా బయట పడుతుంది, కేక్ పొడిగా ఉంటుంది. మూత లోపల ఒక నూలు గుడ్డ మడత పెడతాను. డబ్బాలో వేడెక్కడం కాస్త నెమ్మది, ఐదారు నిమిషాలు ఎక్కువ కలుపుకోండి.

హోమ్‌బేకర్_కూకట్‌పల్లి
కృష్ణ_ఒడ్డు గారూ, ఒక అనుమానం. జనవరి ముక్క అంగిలికి అంటుకుంది అన్నారు. తర్వాత మెత్తబడ్డాక మళ్ళీ తిన్నారా? అప్పుడు కూడా పిండి పిండిగా, రవ్వ తగిలినట్టు ఉంటే దానికి చల్లదనం కారణం కాదు, ఓవెన్‌లో ఎక్కువసేపు ఉందన్నమాట. మధ్యలో 65, 66 డిగ్రీలకి వచ్చినప్పుడే ఆపేయాలి. 70 దాటాక గుడ్డు బిగుసుకుని నీరు వదిలేస్తుంది, పైన పగుళ్ళు కూడా అప్పుడే వస్తాయి. అలాంటి కేక్‌ని మీరు ఎన్ని డిగ్రీల్లో పెట్టినా నున్నగా రాదు.

టిన్ను మెల్లగా కదిపితే అంచు కదలకుండా మధ్యలో అరచేతి వెడల్పున జున్నులా తొణకాలి. అప్పుడు ఓవెన్ ఆపి, తలుపు కాస్త తెరిచి గంటసేపు అందులోనే వదిలేయండి. తర్వాత రాత్రంతా ఫ్రిజ్. తొందరపడి మూడు గంటల్లో కోస్తే లోపల బిగుసుకోదు, ఆ తర్వాత వడ్డించే లెక్కలన్నీ తప్పుతాయి.

కృష్ణ_ఒడ్డు
ఆ రోజు మిగిలిన ముక్క సాయంత్రం తిన్నానక్కా, అప్పుడు కూడా కొంచెం రవ్వగానే ఉంది. నేను పుల్ల గుచ్చి పొడిగా వచ్చేదాకా ఉంచుతున్నాను, మామూలు కేక్ లాగా. అదే తప్పన్నమాట. శనివారం పొద్దున చేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను. ఆదివారం వచ్చి చెప్తాను.

కృష్ణ_ఒడ్డు
ఆదివారం రాత్రి పదకొండైంది, అందరూ ఇప్పుడే వెళ్ళారు. చెప్పకుండా నిద్ర పట్టేలా లేదు.

శనివారం మధ్యలో తొణుకుతుండగానే ఓవెన్ ఆపాను. చేయి ఆడలేదు, పచ్చిగా ఉండిపోతుందేమోనని భయం. పొద్దున చూస్తే పైన ఒక్క పగులు లేదు. థర్మామీటర్ బందరు రోడ్డులో బేకరీ సామాన్ల షాపులో దొరికింది.

సాయంత్రం ఆరింటికి కూడా బయట 39. హాల్లో ఏసీ 25లో పెట్టి తలుపులు వేశాం. నాన్నగారు ఒక్క కోత కోసి ఫొటోలు అయ్యాక కేక్‌ని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి, వేడినీళ్ళ కత్తితో ముక్కలు కోశాను. రెండు పెద్ద డబ్బాల్లో సర్ది హాల్లోనే పక్క బల్ల మీద పెట్టాను. అదనంగా ఉంచుకున్న ముక్కలో థర్మామీటర్. 15 నిమిషాలకి 9 చూపించింది. 25 నిమిషాలకి 14. అప్పుడు పంచాను.

నాన్నగారికి మాత్రం పళ్ళ సంగతి గుర్తుపెట్టుకుని ఇంకో పది నిమిషాలు ఆపి, 17 దగ్గర ఇచ్చాను. అంచు కొద్దిగా మెరుస్తోంది, కానీ ముక్క నిలబడే ఉంది. చెంచాతో మొనవైపు నుంచి మొదలుపెట్టి, అడుగు బిస్కెట్ పొడి కూడా వేలితో అద్దుకుని తిన్నారు. చెంప పట్టుకోలేదు. 'నిమ్మకాయ వేశావా?' అని అడిగారు. జనవరిలో కూడా అంతే వేశాను.

మిగిలిన మూడు ముక్కలు వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేశాను మాస్టారూ.

ఫుడ్‌టెక్_మాస్టారు
చాలా సంతోషం తల్లీ. నాన్నగారికి మా అందరి తరఫున శుభాకాంక్షలు చెప్పు.

పలాస_జీడిపప్పు
ఇదంతా చదివి నేనూ ఈ వారం చేద్దామనుకుంటున్నాను. పైన బంగినపల్లి మామిడి ముక్కలు వేయాలని ఉంది. కోసేముందు వేయాలా, ప్లేటులో పెట్టాకా?

హోమ్‌బేకర్_కూకట్‌పల్లి
ప్లేటులో పెట్టాక, వడ్డించే నిమిషంలో వేయండి. ముందే వేస్తే రసం కేక్‌లోకి దిగుతుంది. మామిడి ముక్కల్ని కూడా కేక్‌తో పాటే ఫ్రిజ్‌లోంచి బయట పెట్టుకోండి. మెత్తబడిన కేక్ మీద మంచులాంటి మామిడి పడితే నాలుకకి చల్లదనం తప్ప ఇంకేం తెలియదు.