లువార్ నది వెంట సైకిల్ మీద, మూడు రోజులు చాలా?

ప్రశ్న: మే నెలలో ఫ్రాన్స్‌లో బ్లువా నుంచి తూర్ దాకా లువార్ ఒడ్డునే తొక్కుదామని ఉంది. నాకు యాభై దాటాయి, తొందరేం లేదు. మూడు రోజులు సరిపోతాయా?

జవాబు: భేషుగ్గా. అటూ ఇటూగా డెబ్బై కిలోమీటర్లే. అంబ్వాజ్‌లో ఒక రాత్రి ఆగండి. డావించీ 1519లో కన్నుమూసిన క్లో లూసే భవనం అక్కడే.

జవాబు: గాలి సంగతి ఎవరూ చెప్పరేం? ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది, అంటే మీకు ఎదురుగాలి. షోమాన్ దగ్గర నేను గేరు తగ్గించి, తిట్టుకుంటూ, నడిచే మనిషి వేగంతో తొక్కాను. అలా వెళ్తుంటేనే ఇసుక తిన్నె మీద ఒంటికాలిపై నిలబడ్డ కొంగ కంటపడింది.

ప్రశ్న అడిగినవారు: పోనీ, తూర్ నుంచి మొదలుపెడితే?

జవాబు: అదే నయం. ఆదివారం మాత్రం రొట్టె పొద్దున్నే కొనేసుకోండి. మధ్యాహ్నానికి పల్లెల్లో చాలా కొట్లు మూసేస్తారు.